ఉపాధ్యాయులును నూతన సాధనములును
(రాజమహేంద్రవరమున నుపాధ్యాయుల యెదుట చేసిన ప్రసంగపాఠము)



ఉపాధ్యాయుల సభలో న్యాయవాది మాటలాడ నిలుచుట కొంత విపరీతముగా దోచవచ్చును. పాఠము చెప్పి జీవించువారము మేము కాము. కాని కొన్ని వత్సరములుగా మా బల్లయొద్దకు వచ్చు వ్యవహారములలో పాఠశాలకు సంబంధించినవి హెచ్చుచున్నవి. అవి వెనుకటివలె స్థలపు తగవులును బదిలీ యుత్తరువులును గావు. సెల్‌ఫోనులో చేతులు మారిన యొక ఛాయాచిత్రము, వాట్సాప్ బృందములో నెవరో పంపిన యొక మాట, బ్యాంకు ఖాతానుండి మాయమైన నెల జీతము, కన్నీరు దుడుచుకొనుచు తల్లి తెచ్చిన ఫిర్యాదు: ఇట్టివి. వీనిలో పెక్కు సాధనమును గూర్చిన యజ్ఞానమునుండి పుట్టినవే. ఉపాధ్యాయు డీ క్రొత్త సాధనములను గూర్చి యేమి నేర్వవలయును, ఎవరియొద్ద నేర్వవలయును, నేర్చినదానితో బిడ్డల నెట్లు కాపాడవలయును అను విషయమును నేడు మీ యెదుట నుంచుచున్నాము.

బోధకులకు బోధన నేర్పు పని మన పట్టణమునకు క్రొత్తది కాదు. 1894లో నిచ్చట ట్రెయినింగు కళాశాల వెలసెను. అంతకు పూర్వమే వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బడిలో పనిచేయుచు 1874లో నచ్చట బాలికల పాఠశాల తెరపించిరి; ఆ సంవత్సరమే 'వివేకవర్ధని' పత్రికను ఆరంభించిరి. ఆనాటి నూతన సాధనము అచ్చుయంత్రము. దానిని బ్రజల మేలున కెట్లు త్రిప్పవలెనో పంతులుగారికి ఏ పై యధికారియు ఉత్తరువు వ్రాసి నేర్పలేదు. తరువాత 1907లో, బిపిన చంద్రపాలుగారు వచ్చి పోయిన దినములలో, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మన ట్రెయినింగు కళాశాలలోనే విద్యార్థి. వందేమాతర ముద్యమమునందు పాల్గొనినందులకు వారిని వెడలగొట్టిరి. ఆయన బడిపంతులు గాకపోయెను గాని, గ్రంథాలయోద్యమమునందును వయోజన విద్యయందును తన జీవితమంతయు బోధకుడుగానే యుండెను. ఈ సంగతులను పూర్వవైభవమును జెప్పుకొని పొంగుటకు తలపెట్టలేదు. ఉపాధ్యాయుడు తనకై తాను నేర్చుకొనుట యొకటి, పైవారు నేర్పితిమని లెక్క వ్రాసికొనుట యొకటి. ఈ రెంటి భేదము మన యూరివారికి తెలియనిది కాదని చెప్పుటకే యెత్తితిమి.

ఇక నేటి స్థితి. 2017 సెప్టెంబరు 5వ తేదీన, ఉపాధ్యాయ దినోత్సవమునాడు, కేంద్రప్రభుత్వము 'దీక్షా' యను అంతర్జాల వేదికను వెలువరించెను. 2019 ఆగస్టులో 'నిష్ఠా' యను శిక్షణ మొదలయ్యెను. మొదట నది ఎదురెదురుగా కూర్చుండి జరిగిన శిక్షణ. కోవిడ్ వచ్చి బడులు మూతపడగా, 2020 అక్టోబరునుండి పదునెనిమిది భాగములుగా దీక్షా ద్వారా తెరమీదికి మారెను. ఆ యేడే వెలువడిన జాతీయ విద్యావిధానము, ప్రతి యుపాధ్యాయుడును ఏటేట కనీసము 50 గంటలు వృత్తి సంబంధమైన శిక్షణ పొందవలెనని కోరెను. కోరిక మంచిదే. ఏబది గంటలు నిజముగా నేర్చుకొనిన మనిషి ఏడాదికి క్రొత్తవాడగును.

కాని యా గంటలు గడచు విధము మీకు మాకంటె బాగుగ తెలియును. వంటింటి గట్టుమీద ఫోను నిలబెట్టి, పాఠము దానంతట నది పలుకుచుండగా కూర తరిగిన వృత్తాంతములు ఉపాధ్యాయినులే నవ్వుచు చెప్పుదురు. చివర నాలుగు ప్రశ్నలు, వాని జవాబులు ముందుగానే బృందములలో తిరుగుచుండును. పిదప రంగుల యోగ్యతాపత్రము. దీనికి ఉపాధ్యాయులను నిందించుట సులభము. పగలంతయు బడి, సాయంకాలము మరుగుదొడ్ల ఛాయాచిత్రములు, మధ్యాహ్న భోజనపు లెక్కలు, హాజరు వివరములు యాపులలో నెక్కించు పని. వీని తరువాత మిగిలిన ప్రాణముతో నతడు నిష్ఠ వహింపవలెనన్నచో నెట్లు? అతని చేత సాధనమున్నది. కాని దినమున నధికభాగము ఆ సాధనమే యతనిని వాడుకొనుచున్నది.

2022 డిసెంబరులో మన రాష్ట్రమున నెనిమిదవ తరగతివారికి ట్యాబులు పంచిపెట్టిరి. ప్రకటించిన లెక్క 5,18,740. అందు విద్యార్థులకు 4,59,564, ఉపాధ్యాయులకు 59,176. అందలి పాఠములు బైజూస్ అను ప్రైవేటు కంపెనీవి. 2024 జులైలో నా కంపెనీయే దివాలా విచారణకు లోనయ్యెను. పాఠము చెప్పువాని యంగడి మూతపడిన నా బిడ్డ చేతిలోని పెట్టె యేమి కావలెను, అందు బిడ్డ వ్రాసిన జవాబులు, చూచిన పాఠములు ఎవరి సొత్తు, అను ప్రశ్నలను ట్యాబు పంచునాడు అడిగినవారు బహు కొలదిమంది. పెట్టె నిచ్చుట యొక దినపు పని. దానిని తెలిసి వాడుట నేర్పుట ఏండ్ల పని. మొదటిదానికి వేదికయు పూలదండలును దొరకును. రెండవది యెవరికిని కనబడదు గనుక ధనమును దొరకదు.

ఇప్పుడు చెప్పబోవునది మీలో ప్రతి యొకరికిని సంబంధించినది. 2023 జనవరిలో 'వైర్డ్' అను విదేశీ పత్రిక యొక వార్త ప్రకటించెను. దీక్షా వేదికకు చెందిన దత్తాంశములు, అనగా పేర్లు, వివరములు మొదలగునవి, తాళము వేయని యొక నిలువలో నంతర్జాలమునం దెవరైనను చూడదగినట్లు పడియుండెనని దాని సారాంశము. అందు పది లక్షలకు మించిన యుపాధ్యాయుల పూర్తి పేర్లు, ఫోను నంబర్లు, ఈమెయిలు చిరునామాలు గలవు. ఇంచుమించు ఆరు లక్షల మంది విద్యార్థుల వివరములును గలవు: పేరు, చదివిన బడి, చేరిన పాఠ్యభాగము, ఎంతవరకు పూర్తిచేసినది. అంతకు ముందే, 2022 మే నెలలో, హ్యూమన్ రైట్స్ వాచ్ అను సంస్థ పలు దేశముల విద్యా యాపులను పరీక్షించి, పిల్ల యున్న చోటును ఖచ్చితముగ తెలిసికొనగల శక్తి దీక్షా యాపునకు గలదని తెల్పెను.

దీని యర్థమును గొంచెము నిలిచి చూడుడు. 'ఎవరికిని నీ వివరములు చెప్పకుము' అని బిడ్డలకు బోధింపవలసిన గురువు, ఆ బోధను నేర్చుకొనుటకై యే తలుపు గుండ లోనికి బోయెనో, ఆ తలుపే తెరచియుండెను. అతడు చేసిన తప్పిదము లేదు; పొమ్మనిరి, పోయెను. మేము దీక్షాను విడువుడని చెప్పుటలేదు. అందు తెలుగు పాఠములు గలవు, పాఠ్యపుస్తకము మీది గళ్ల గుర్తును ఫోనుతో చూపిన తెరచుకొను మంచి దృశ్యములు గలవు. మేము చెప్పునది యిది: ప్రభుత్వముద్ర యున్నంతమాత్రమున తాళము పడినట్లు కాదు. ఏ యాపు నే యనుమతి యడుగుచున్నది, ఎందులకు అడుగుచున్నది, ఇయ్యకున్న నేమగును అని యడుగుట యుపాధ్యాయుని శిక్షణలో మొదటి పాఠము కావలెను. 2022 ఆగస్టులో మన రాష్ట్రమున ముఖమును గుర్తించు హాజరు యాపును సొంత ఫోనులలో వేసికొనుమన్నపుడు ఉపాధ్యాయ సంఘములు సందేహించి యడిగినవి. కొందరు దానిని పని తప్పించుకొను నెపమని హేళన చేసిరి. మా యభిప్రాయమున నది మంచి ప్రశ్న. అడిగిన రీతి యెట్లున్నను, నా ముఖము యొక్క లెక్క ఎచ్చట దాచెదరు, ఎంతకాలము దాచెదరు అని పౌరుడు తెలియగోరుట అవిధేయత కాదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24వ తేదీన పుట్టస్వామిగారి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులతో ఏకకంఠముగ చెప్పియున్నది.

ఇక తరగతి బృందమునకు వత్తము. ప్రతి తరగతికి నొక వాట్సాప్ బృందము గలదు. కోవిడ్ నాడు అవసరమై పుట్టినది. అవసరము పోయినను అది పోలేదు. అందు నలువదిమంది తల్లిదండ్రుల నంబర్లు, కొన్నియెడల పెద్దపిల్లల నంబర్లు, అందరికిని కనబడుచుండును. ఎవరి మేనమామయో, ఎవరి పొరుగువాడో చేరియుండును. వా డెవడని అడుగువారుండరు. ఆడపిల్ల నంబరు తెలియని చేతిలో పడుటకు వేరు దొంగతనము అక్కరలేదు. తరగతిలో మొదటివాడు, చివరివాడు, రుసుము చెల్లింపనివాడు: అన్నియు నా బృందములోనే ప్రకటితము. బహుమతి దినమున తీసిన ఛాయాచిత్రమున బిడ్డ ముఖము, పేరు, తరగతి, బడిపేరు గల చొక్కా, అన్నియు నొక్కచోట నుండును. కృత్రిమ మేధతో నొక ముఖమును వేరొక దేహమునకు తగిలించుట యిప్పుడు నిమిషముల పని యైనది గనుక, ఈ విషయమున వెనుకటి యుదాసీనత పనికిరాదు.

చేయదగిన పని కష్టమైనది కాదు. ఉపాధ్యాయులు మాత్రమే పంపునట్లు బృందమును బిగించుట, ఏటి చివర దానిని మూసి క్రొత్తది తెరచుట, బిడ్డల నంబర్లను చేర్పకుండుట, మార్కులను ఎవరివి వారికే పంపుట, ఛాయాచిత్రమునకు తల్లిదండ్రుల సమ్మతి ముందే కాగితముపై తీసికొనుట. ఒక సాయంకాలమున నేర్చి, మరునాడే యమలుపెట్టవచ్చును. పదునెనిమిది భాగముల శిక్షణ ముగించినవారు సైతము తమ బృందమున నీ మార్పును చేయకపోయినచో, ఆ శిక్షణ యెచ్చటికి పోయినట్లు?

చట్టమును రెండు మాటలలో జెప్పెదము. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ సంరక్షణ చట్టము వచ్చినది. పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములు తీసికొనుటకు తలిదండ్రుల సమ్మతి కావలెననియు, పిల్లల వెంటబడి కనిపెట్టుటయు వారికి గురిచూచి ప్రకటనలు చూపుటయు కూడదనియు అందలి తొమ్మిదవ సెక్షను చెప్పును. 2025 నవంబరులో నియమములు ప్రకటింపబడినవి. ముఖ్యభాగములు 2027 మే నాటికి అమలునకు రావలెను. విద్యాకార్యములకును పిల్లల క్షేమమునకును సంబంధించినంతవరకు బడులకు నియమములలో కొంత మినహాయింపు గలదు. ఆ మినహాయింపును తలుపంత చేసి చూపువారు రాకపోరు. అందుచేత దానిని చదివిన యుపాధ్యాయు డొక్కడైనను ప్రతి బడిలో నుండుట మంచిది.

పై విషయములన్నిటికంటె మాకు ముఖ్యమని తోచున దొకటి గలదు. ఒకనాడు బడి విడిచిన పిదప ఒక బిడ్డ వెనుక నిలిచిపోవును. ఎవరో తెలియనివాడు స్నేహితునివలె మాటలాడి చిత్రము తెప్పించుకొని, ఇప్పుడు ధనమో మరొకటియో అడుగుచున్నాడు. ఇంట జెప్పిన చంపుదురను భయము. ఆ బిడ్డ జీవితమున నా నిమిషము ఎంత బరువైనదో! అప్పుడు గురువు నోట వచ్చు మొదటి మాట 'నీకు ఫోనెందుకు?' అనునదైనచో, ఆ బిడ్డ మరల నోరు తెరవదు. ఆ బడిలో మరి యే బిడ్డయు తెరవదు, ఏలయన పిల్లలకు వార్త మనకంటె త్వరగా చేరును. 'చెప్పి మంచిపని చేసితివి, నీ తప్పు లేదు' అనుట నేర్చుకొనవలసిన విద్య. అది దయగలవారికి సహజముగనే వచ్చునని యూరకుండరాదు. దయగలవారే కంగారులో గద్దించుట మేము చూచితిమి.

రెండవ సంగతి. ఆ చిత్రమును 'ఋజువు కొరకు నా ఫోనుకు పంపుము' అనరాదు. తోటి యుపాధ్యాయునికి చూపరాదు, ప్రధానోపాధ్యాయునికి పంపరాదు. సదుద్దేశముతోనైనను పిల్లల అశ్లీలదృశ్యమును చేతులు మార్చుట ఆ బిడ్డకు మరల హింస. చట్టము దృష్టిలో నది యుపాధ్యాయునికే ప్రమాదము. అట్టి దృశ్యమును తొలగింపక, అధికారులకు తెలుపక దగ్గర నుంచుకొనుట కూడ నేరము కాగలదని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న విశదపరచెను. ఫోను నున్నదున్నట్లుంచి పోలీసులకు తెలుపవలెను. 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము, నేరము జరిగినదని తెలిసిననే గాక, జరుగునేమో యని శంక కలిగినను తెలుపుట ప్రతి వ్యక్తికిని విధి. తెలుపకున్న 21వ సెక్షను క్రింద ఆరునెలలవరకు శిక్ష. బడి పరువు పోవునని సర్దుబాటు చేయువారు ఈ సెక్షనును గోడమీద వ్రాసికొనదగును. ఆ చట్టమే 23వ సెక్షనులో, బిడ్డ పేరు, చిత్రము, కుటుంబము, చిరునామాలతోపాటు బడి పేరును సైతము వార్తలలో వెల్లడింపరాదనుచున్నది. పత్రికలకు విధించిన యా కట్టుబాటును ఉపాధ్యాయుల విశ్రాంతిగది కూడ పాటించుట మేలు. బిడ్డల సహాయమునకు 1098, ధనము పోయిన 1930: ఈ రెండు నంబర్లు నల్లబల్ల ప్రక్క నుండదగినవి.

1930 మాట వచ్చినది గనుక మీ సొంత క్షేమమును గూర్చియు నొక మాట. నెల మొదట ఖాతాలో జీతము నిశ్చయముగ పడువారు మోసగాండ్ర కిష్టులు. పోలీసు దుస్తులతో వీడియోలో కనబడి 'నీవు డిజిటల్ అరెస్టులో నున్నావు, కదలకుము' అను నాటకమును గూర్చి 2024 అక్టోబరులో ప్రధానమంత్రియే దేశమునకు హెచ్చరిక చేయవలసివచ్చెను. మేము చట్టపుస్తకములు తిరుగవేయువారము. వీడియోలో నిర్బంధించు అధికార మే పుస్తకమునను లేదు. భయపడి గంటలకొలది మాటలాడుటకంటె ఫోను పెట్టివేయుట న్యాయసమ్మతము. ధనము పోయినచో సిగ్గుపడి రెండు దినములు దాచుకొనకుడు. వెంటనే తెలిపిన, ఆ ధనము మరొక ఖాతాకు దాటకముందే నిలుప వీలుండును.

'మా బడిలో క్రొత్తగా వచ్చిన పిల్ల యుపాధ్యాయులు ఫోనులో మాకంటె ఘనులు, వారే చూచుకొందురు' అని పెద్దలు కొందరందురు. వ్రేళ్ల వేగము వేరు, వివేకము వేరు. 2025 మెగా డి.ఎస్సీ. తరువాత చేరిన యువకులకు వేగమున్నది. పిల్లల మనసు నెరిగిన యనుభవము ముప్పదియేండ్లు పలక పట్టించిన వారియొద్ద నున్నది. ఇరువురును ఒక్క బల్లయొద్ద కూర్చుండనిచో నెవరి విద్యయు పూర్తి కాదు. కృత్రిమ మేధ విషయమునను నిట్లే. ప్రశ్నపత్రము వ్రాయించుకొనుడు, దోషము లేదు. కాని యది తెలుగులో ఎంత నిబ్బరముగ నబద్ధమాడునో, లేని పద్యమును గొప్పకవి కంటగట్టునో, తెలుగు పండితుడు ప్రక్క నుండి చూపినగాని యువకునికి తెలియదు.

పొరుగున కేరళమున నేమి చేసిరో చూడుడు. 2001లో మొదలైన 'ఐటీ ఎట్ స్కూల్' నేడు 'కైట్' అను ప్రభుత్వసంస్థగా నున్నది. అచ్చట నుపాధ్యాయుల నుండియే శిక్షకులను తయారుచేసిరి. ఎవరైనను విప్పి చూచుకొనదగిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును బడులలో నెలకొల్పిరి. 2018లో 'లిటిల్ కైట్స్' పేర పిల్లలనే బృందములు గట్టి సాధనముల సంరక్షణ నేర్పిరి. 2024లో నెనుబదివేల మంది యుపాధ్యాయులకు కృత్రిమ మేధయందు శిక్షణ తలపెట్టిరి. దుకాణమునుండి పాఠము కొనుటకు మారుగా, పాఠము చేయుట నేర్చిరి. అందువలన నే కంపెనీ పడిపోయినను వారి బడి ఆగిపోదు. ఇది యేదో మలయాళదేశపు మహిమ యని యనుకొనరాదు. ఇరువదియేండ్లు ప్రభుత్వములు మారినను పని మార్చకుండుట యందలి రహస్యము.

మనకు లేనిదేమి? ఉపాధ్యాయుల నభ్యసింపజేయు ట్రెయినింగు కళాశాల యూరనే యున్నది, బొమ్మూరున జిల్లా శిక్షణసంస్థ యున్నది, గౌతమీ గ్రంథాలయము వంటి పుస్తకభాండాగార మున్నది. 1935లో కృష్ణా కాలువలపై పడవమీద గ్రంథాలయమును నడపి, చదువును పల్లెల గట్టుకు జేర్చినవారు మన యాంధ్రులే. అప్పుడు పడవలో పుస్తకములు పోయినవి. ఇప్పుడు బొమ్మూరునుండి యొక యుపాధ్యాయుడు బస్సులో పోయిన చాలును. ఒక మండలమున నాలుగైదు బడులవారు నెలకొక సాయంకాలము కలిసి, ఆ నెలలో తమ బడిలో నిజముగ జరిగిన యొక చిక్కును బల్లమీద నుంచి చర్చించుకొనినచో, దానిని 50 గంటల లెక్కలో చేర్చుకొనుటకు జిల్లా విద్యాధికారి సమ్మతింపవలెను. ఈ కోరికను వ్రాతమూలకముగ పంప నిశ్చయించితిమి. సంతకము చేయగోరువారు ద్వారమువద్ద నున్న కాగితముపై చేయవచ్చును. పేరును బడిపేరును చాలును, ఫోను నంబరు వ్రాయనక్కరలేదు.

మేమును, మా తోటి న్యాయవాదులు మువ్వురును, ప్రతినెల రెండవ ఆదివారమున నాలుగు గంటలకు ఈ పఠనమందిరముననే కూర్చుండ దలచితిమి. రుసుము లేదు. వచ్చువారు తమ ఫోనును, తమ తరగతి బృందమున కెవరు నిర్వాహకులో వారిని వెంట దీసికొని రండు. మొదటి ఆదివారపు పని బృందములను బిగించుట. చేయుట మీ చేతులతోనే, మేము ప్రక్కన నుందుము. మందిరమున ప్లగ్గులు రెండే గలవు గనుక ఇంటనే చార్జింగు పెట్టుకొని రావలసినదిగ కోరుచున్నాము.